ఆపరేషన్ అయింది, ఆమెకి నెమ్మదించిందా?

గర్భసంచి జారిన ఆడవాళ్లకి ఆ సంగతి ఇంట్లో చెప్పడానికే ఏళ్లు పడుతుంది. అనకాపల్లి జిల్లా చోడవరం చుట్టుపక్కల ఊళ్లలో వరి ఉభాలప్పుడు పొద్దస్తమానం నడుం వంచేవాళ్లు, చెరకు తోటల్లో పనికి పోయేవాళ్లు, చెరకు క్రషింగ్ రోజుల్లో మోపులు కట్టి ఎత్తేవాళ్లు ఎక్కువ. వాళ్లలో ఎవరికైనా ఈ బాధ వస్తే ముందు తోటికోడలికో అక్కకో చెవిలో చెబుతారు. "ఏదో కిందికి దిగినట్టుంది", "కూచుంటే ఉండలాగ తగులుతోంది", "దగ్గితే తడిసిపోతోంది" అంటారు. ఆ మాట డాక్టరు దాకా వెళ్లేసరికి చాలాసార్లు ఆపరేషన్ తప్పని దశ వచ్చేస్తుంది.

అనకాపల్లిలోనో విశాఖ కేజీహెచ్‌లోనో ఆపరేషన్ అవుతుంది. ఆరు వారాలకి మళ్లీ చూపించుకుంటారు. డాక్టరమ్మ పరీక్ష చేసి అన్నీ సరిగ్గా ఉన్నాయంటుంది. "ఎలా ఉందమ్మా?" అని అడిగితే "బాగానే ఉందండి" అని జవాబు వస్తుంది. అక్కడితో ఆ కాగితాలు మూసేస్తారు. ఆ "బాగానే ఉంది" వెనక ఆమె నిజంగా ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఇంకొన్ని ప్రశ్నలు వేయాలి. ఆపరేషన్ ఎలా చేయాలన్న దాని మీద ఎంత చదువు జరిగిందో, తర్వాత ఆమె బతుకు ఎలా మారిందన్న దాని మీదా గత ముప్పై ఏళ్లలో బోలెడంత పరిశోధన జరిగింది. అందులో మన ఇళ్లకి పనికొచ్చేది చాలా ఉంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మూత్రసంచి, గర్భసంచి, మలద్వారానికి పైనుండే పెద్దపేగు చివర, ఈ మూడూ కటి అడుగున అల్లుకుని ఉండే కండరాల మీద, వాటిని పక్క ఎముకలకి పట్టి ఉంచే పోగుల మీద ఆధారపడి ఉంటాయి. నవారు మంచం లాంటి ఏర్పాటు అది. నవారు ఎక్కడ వదులైతే అక్కడ కుంగుతుంది. ముందు భాగం వదులైతే మూత్రసంచి జారుతుంది, వెనక వదులైతే పేగు తోసుకొస్తుంది, పైపట్టు తెగితే గర్భసంచే దిగుతుంది. ఎక్కువ కాన్పులు, గంటల తరబడి సాగిన కాన్పు, పచ్చి బాలింతగా ఉండగానే బరువుల్లోకి దిగడం, ముట్లుడిగాక కణజాలం పలచబడటం, ఏళ్ల తరబడి మలబద్ధకం, మానని దగ్గు, ఇవన్నీ కారణాలే. ఉత్తరాంధ్రలో ఇంకోటి చేర్చాలి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు పాతతరం ఆడవాళ్లలో ఉంది. నోటి క్యాన్సర్‌కి అది కారణమని విశాఖ వైద్యులు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. పొగ వల్ల వచ్చే పాత దగ్గు రోజూ అడుగు కండరాల మీద గుద్దినట్టే పడుతుంది, కుట్లు మానడాన్నీ ఆలస్యం చేస్తుంది.

ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. అందుకే ఇంట్లో వాళ్లకి తొందర అనిపించదు. కానీ బతుకుని మెల్లగా కుదించేస్తుంది. పొలంలో మరుగు ఉండదు కాబట్టి పొద్దుటినుంచి నీళ్లు తాగడం మానేస్తుంది. పేరంటానికి పిలిస్తే వాసన వస్తుందేమోనని ఏదో వంక చెబుతుంది. చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి చవితినాడు జనంలో నిలబడాలంటే జంకుతుంది. పాత చీర ముక్కలు మడిచి పెట్టుకుని, ఎవరూ చూడకుండా ఉతికి, ఎవరూ చూడని చోట ఆరేసుకుంటుంది. భర్త దగ్గరికి రానివ్వకపోతే ఆ కోపాన్ని నోరెత్తకుండా భరిస్తుంది. ఆపరేషన్ ఫలితం తేలేది వీటి దగ్గరే. జారినది ఎన్ని సెంటీమీటర్లు పైకి వెళ్లిందన్నది డాక్టరు కొలత. ఆమె కొలత వేరు.

ఈ రెండు కొలతల తేడాని అంకెల్లో చూపించిన పరిశోధన ఒకటి 2009లో అమెరికాలో వచ్చింది. మాథ్యూ బార్బర్ అనే స్త్రీవైద్య నిపుణుడూ ఆయన తోటివాళ్లూ ఈ రకం ఆపరేషన్ అయిన 322 మంది వివరాలు తీసుకుని, విజయం అనే మాటకి 18 రకాల నిర్వచనాలు పెట్టి లెక్క కట్టారు. అదే ఆడవాళ్లు, అవే ఆపరేషన్లు. నిర్వచనం మార్చితే విజయాల శాతం 19 నుంచి 97 దాకా మారిపోయింది. ఆడవాళ్లు తమకి బాగైందని ఎప్పుడు అనుకున్నారంటే, కిందికి ఏదో వస్తున్నట్టు, ఉండ తగులుతున్నట్టు అనిపించడం పోయినప్పుడు. పరీక్షలో అవయవం ఎక్కడుందన్న దానికీ, వాళ్ల నెమ్మదికీ పెద్ద సంబంధం కనబడలేదు.

అదే సంగతిని ఇంకోవైపు నుంచి చూపించింది ఆప్టిమల్ అనే మరో అధ్యయనం. పైపట్టుని తిరిగి కుట్టే రెండు పద్ధతుల్ని పోల్చి, ఆ స్త్రీలని అయిదేళ్ల పాటు చూశారు. కఠినమైన వైద్య లెక్క ప్రకారం అయిదేళ్లకి ఒక పద్ధతిలో 61 శాతం పైన, మరోదాంట్లో 70 శాతం విఫలమైనట్టే. వింటే గుండె జారుతుంది. కానీ ఆ స్త్రీల బాధలు తగ్గడం, రోజువారీ బతుకు మెరుగుపడటం మాత్రం అయిదేళ్లకీ నిలిచే ఉంది. కొంచెం మళ్లీ జారినంత మాత్రాన బాధ తిరిగొచ్చినట్టు కాదు. కాబట్టి ఎవరైనా పరీక్ష చేసి "మళ్లీ కొద్దిగా జారిందమ్మా" అంటే, బాధ లేనప్పుడు వెంటనే రెండో ఆపరేషన్‌కి పరుగెత్తక్కర్లేదు. ఈ ఒక్క విషయం తెలిస్తే చాలామంది నిద్రలేని రాత్రులు తగ్గుతాయి.

మరి అసంతృప్తి ఎవరికి మిగులుతుంది? ఆపరేషన్‌కి ముందే ఆడవాళ్ల చేత వాళ్లకి ఏం కావాలో చెప్పించి, తర్వాత అది జరిగిందా అని అడిగిన అధ్యయనాలున్నాయి. తాము కోరుకున్నది జరగనివాళ్లు, ఆపరేషన్‌కి మనసు సిద్ధం కాకుండానే బల్ల ఎక్కినవాళ్లు, తర్వాత కొత్తగా మూత్రం బాధ మొదలైనవాళ్లు, వీళ్లే అసంతృప్తిగా ఉన్నారు. శస్త్రచికిత్స లోపల చక్కగా కుదిరినా సరే. నా ఉద్దేశంలో ఈ వైద్యంలో అన్నిటికన్నా ముఖ్యమైన పది నిమిషాలు ఆపరేషన్ థియేటర్ బయట గడిచేవే.

ఆ పది నిమిషాలు ఎలా ఉండాలో ఊహించుకుందాం. అప్పలనరసమ్మ అనే ఒకామె ఉందనుకోండి. యాభై రెండేళ్లు, నాలుగు కాన్పులు, అందులో రెండు ఇంటి దగ్గరే. చిన్న వయసులోనే పిల్లల ఆపరేషన్ అయిపోయింది. డాక్టరమ్మ అడిగింది: "అమ్మా, ఈ ఆపరేషన్ అయ్యాక మీకు ఏం చేసుకోగలిగితే చాలనిపిస్తుంది?"

ఆమె కొంగు సర్దుకుని, వెనకాల కోడలు ఉందేమో చూసుకుని అంది: "సాయంత్రం దాకా గట్టు మీద నిలబడాలండి. మనవడిని సంకనెత్తుకోవాల. బస్సులో తడిసిపోతానేమోనని బెంగ లేకుండా మా గుంట ఇంటికి ఎల్లి రావాల."

మూడు కోరికలూ ఒక తీరువి కావు. ఉండ కిందికి రావడం వల్ల నిలబడలేకపోతుంటే ఆపరేషన్ ఆ బాధని బాగా తీరుస్తుంది. మనవడిని ఎత్తుకోవడం కొన్ని వారాలు ఆగితే కుదురుతుంది, ఆ మాట ముందే చెప్పాలి. మూడోది చిక్కు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బరువెత్తినప్పుడు మూత్రం పడటం ఒకటి. ఉన్నట్టుండి ఆపుకోలేనంత వచ్చి, చేరేలోగా పడిపోవడం ఇంకొకటి. మొదటిదానికి ఆపరేషన్ ఉంది. రెండోది మూత్రసంచి అదుపు తప్పి ముడుచుకోవడం వల్ల వస్తుంది, దానికి అలవాట్ల మార్పు, కండరాల వ్యాయామం, మాత్రలు వైద్యం. జారినదాన్ని పైకి కుడితే కొందరిలో అదీ తగ్గుతుంది గానీ తగ్గుతుందని మాట ఇవ్వలేం. రోడ్డు గుంతల్లో బస్సు ఎగిరినప్పుడు తడుస్తోందా, బస్సు ఎక్కకముందే హడావుడిగా వస్తోందా? ఈ ఒక్క ప్రశ్నతో సగం సంగతి తేలుతుంది. ఇది అడక్కుండా ఆపరేషన్ చేస్తే, లోపల కుట్టు ఎంత బాగా పడినా అప్పలనరసమ్మ దృష్టిలో అది కలిసిరాని ఆపరేషనే.

ఇంకో ముఖ్యమైన సంగతి చాలామందికి ఎవరూ ముందు చెప్పరు. మూత్రసంచి జారినప్పుడు మూత్రనాళం మడత పడి ఉండొచ్చు. ఆ మడతే లోపలున్న బలహీనతని కప్పి ఉంచుతుంది. ఆపరేషన్‌తో మడత విడిపోగానే, అంతకుముందు ఎన్నడూ లేనిది, దగ్గితే మూత్రం పడటం మొదలవుతుంది. పైన చెప్పిన 322 మంది మొదట పాల్గొన్న అధ్యయనంలోనే 2006లో ఇది తేలింది. వీళ్లెవరికీ ముందు దగ్గితే మూత్రం పడే బాధ లేదు. సగం మందికి జారినదాన్ని మాత్రమే సరిచేశారు, సగం మందికి మూత్రనాళానికి ఆసరా కుట్టు కూడా వేశారు. మూడు నెలలకి మొదటి వాళ్లలో 44 శాతం మందికి, రెండో వాళ్లలో 24 శాతం మందికి ఆ బాధ కనబడింది. అంటే డాక్టరు చేయి తప్పకపోయినా ఇది రావచ్చు. మూత్రసంచి నిండి ఉండగా, జారినదాన్ని లోపలికి నెట్టి పట్టుకుని దగ్గించి చూస్తే కొంతవరకు ముందే తెలుస్తుంది. ఆ పరీక్ష చేశారా అని అడగడానికి మొహమాటపడొద్దు. ముందే తెలిసిన బాధని మనిషి ఓర్చుకోగలదు. చెప్పకుండా వచ్చినదాన్ని మోసం అనుకుంటుంది, అలా అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు.

ఆడవాళ్ల మాట వినకపోతే ఏమవుతుందో ప్రపంచానికి గట్టిగా నేర్పింది వల వ్యవహారం. జారినదాన్ని నిలబెట్టడానికి యోని గుండా ప్లాస్టిక్ వల అమర్చే పద్ధతి 2000 తర్వాత పాశ్చాత్య దేశాల్లో విపరీతంగా పాకింది. పరీక్షలో చూస్తే అంతా చక్కగా పైకి నిలబడేది. కానీ కొందరికి వల లోపల కోసుకుని బయటికి పొడుచుకు రావడం, మానని నొప్పి, భర్తతో కలవలేకపోవడం మొదలయ్యాయి. ఏళ్ల తరబడి వాళ్లు చెబుతుంటే, అది మీ భ్రమ అన్నారు. చివరికి 2019 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఆ పనికి వాడే వలల అమ్మకాన్ని ఆపించింది. బ్రిటన్‌లో 2018లోనే నిలిపారు, 2020లో అక్కడి విచారణ నివేదిక ఆ స్త్రీల గోడుని వైద్య వ్యవస్థ పెడచెవిన పెట్టిందని తేల్చింది. పొట్ట వైపు నుంచి వేసే వల, మూత్రనాళం కింద వేసే సన్నని పట్టీ వేరు. వాటిని వేరేగా తూచి చూడాలి. మీకు వేయబోయేది ఏదో, దాన్ని తీయాల్సి వస్తే ఎలాగో సంతకం పెట్టేముందు తెలుసుకోండి.

మన రాష్ట్రంలో ఇంకో దిగులు ఉంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్టకీ నడుంనొప్పికీ కూడా "పిల్లలయిపోయారుగా, తీసేయిస్తే పోతుంది" అనే మాట మన ఊళ్లలో తేలిగ్గా వినిపిస్తుంది. అనవసరంగా గర్భసంచి తీసే ఆపరేషన్లని అరికట్టడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలని రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇది మన విషయానికి ఎందుకంటే, గర్భసంచి తీసేయడమే జారడానికి మందు అన్న నమ్మకం పాతుకుపోయింది. నిజానికి జారడానికి గర్భసంచి కారణం కాదు, పట్టు వదులవడం కారణం. గర్భసంచి తీసి పైపట్టుని తిరిగి కుట్టకపోతే, కొన్నేళ్లకి ఖాళీ అయిన యోని పైభాగమే కిందికి తిరగబడి రావచ్చు. గర్భసంచి ఉంచి పట్టు బిగించే పద్ధతులు ఉన్నాయి. పిల్లలు కావలసిన వయసులోనే జారిన ఆడవాళ్ల కోసం అలాంటి ఆపరేషన్లు రూపొందించినవాళ్లలో మన దేశపు శిరోద్కర్, పురందరే పేర్లు ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. ఎవరికి ఏది అన్నది వయసు, జారిన తీరు, ఆమె కోరిక చూసి తేల్చాలి. అండాశయాలు కూడా తీస్తారా అన్నది తప్పకుండా అడగాలి. ముట్లుడగని వయసులో అవి పోతే ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం తొందరగా మొదలవుతాయి.

ఆపరేషన్ లేకుండా గడవదా? చాలామందికి గడుస్తుంది. సిలికాన్ రింగు ఒకటి లోపల పెడితే జారినదాన్ని పట్టి ఉంచుతుంది. నెదర్లాండ్స్‌లో 440 మంది మీద చేసి 2022లో ప్రకటించిన అధ్యయనంలో, రెండేళ్ల తర్వాత బాగైందన్నవాళ్లు రింగుతో మొదలుపెట్టిన జట్టులో 76 శాతం, ఆపరేషన్ జట్టులో 81 శాతం. అయితే రింగు జట్టులో సగం మంది పైగా ఈలోగా ఆపరేషన్‌కి మారారు. ఆపరేషన్‌దే కొంచెం పైచేయి, కాకపోతే రింగు కూడా తీసిపారేయదగ్గది కాదు. గుండెజబ్బు, షుగరు అదుపులో లేనివాళ్లకి, కోత అంటే భయపడేవాళ్లకి మంచి దారి. దాన్ని తీసి కడిగి పెట్టుకోవడం నేర్పాలి, మధ్యమధ్య చూపించుకోవాలి.

మొదటి దశలో ఉన్నవాళ్లు తప్పక చేయాల్సింది అడుగు కండరాల వ్యాయామం. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా వైద్యుడు దీన్ని వైద్యలోకంలోకి తెచ్చాడు. పదిమందిలో అపానవాయువు వస్తే ఎలా బిగపడతామో, ఆ కండరాన్ని అలాగే లోపలికీ పైకీ లాగి అయిదారు అంకెలు లెక్కపెట్టేదాకా పట్టి, అంతే సేపు వదలాలి. అలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. మూత్రం పోసేటప్పుడు ఆపి ఆపి చేయడం అలవాటు చేసుకోవద్దు. మూడు నెలలు వదలకుండా చేస్తేగాని ఫలితం తెలియదు. కూరలు తరుగుతూ, టీవీ చూస్తూ కూడా చేసుకోవచ్చు, పక్కవాళ్లకి తెలియను కూడా తెలియదు.

ఇక ఆపరేషన్ అయ్యాక. ఆమె ఆసుపత్రిలో ఉండేది కొద్ది రోజులే, ఆ తర్వాత భారమంతా ఇంటిదే. మామూలుగా ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా బరువులెత్తొద్దంటారు. ఇంటి తేలిక పనులు కాస్త ముందే మొదలుపెట్టినా హాని లేదని ఈ మధ్య అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే ఆ మాటని నడకకి, వంటింటి పనికి మాత్రమే తీసుకోండి. నీళ్ల బిందె, గడ్డిమోపు, చెరకు మోపు ఆ లెక్కలోకి రావు. నా అభిప్రాయంలో ఆపరేషన్ తేదీని పనుల కాలం చూసుకుని పెట్టించుకోవడం తెలివైన పని. ఉభాలకి పదిహేను రోజుల ముందు చేయించుకుంటే ఆమె ఎలాగూ ఇంట్లో కూచోలేదు, కూచోనివ్వరు కూడా. కూలి పోతుందన్న లెక్క ఆమె ఒంటి మీద వేయకూడదు.

మలబద్ధకం రానీకుండా నీళ్లు, పీచున్న తిండి, అవసరమైతే డాక్టరిచ్చిన మందు వాడాలి. ముక్కితే కుట్ల మీద పడుతుంది. చుట్ట మానాలి. దగ్గు ఉంటే ఆపరేషన్‌కి ముందే వైద్యం చేయించాలి. జ్వరం, చెడువాసనతో తెల్లబట్ట, గుడ్డలు తడిసేంత రక్తం, మూత్రం రాకపోవడం, ఒక కాలి పిక్క వాచి నొప్పి, ఇందులో ఏది కనిపించినా ఆరు వారాల తేదీ కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

భార్యాభర్తల కలయిక గురించి మన దగ్గర ఎవరూ ఎత్తరు. డాక్టరు చెప్పడు, ఆమె అడగదు, భర్తకి ఏం అర్థమవుతుందో ఆయనకే తెలియాలి. గాయం మానిందని డాక్టరు చూసి చెప్పాక, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, ఇబ్బంది లేదు. ఎక్కువమందికి ముందున్న బిడియం, బాధ తగ్గి మెరుగ్గానే ఉంటుంది. కొందరికి మాత్రం లోపల బిగుతై నొప్పి వస్తుంది. దానికి వైద్యం ఉంది, ముట్లుడిగినవాళ్లకి పూతమందు కూడా ఉంది. నోరు విప్పి చెప్పకపోతే ఆ బాధ ఆరునూరైనా పోదు. వెనకాల కోడలో మరిదో నిలబడి ఉండగా ఏ తల్లీ ఈ మాట చెప్పలేదు. ఆమెతో ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడే వీలు ఆసుపత్రి కల్పించాలి.

ఒక సంవత్సరం నిండాక ఆమెని మళ్లీ అడగాలి. ఊళ్లో ఉన్న ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఇది చక్కగా చేయగలరు, పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. కిందికి ఏదైనా వస్తున్నట్టుందా, తడుస్తోందా, విరేచనం సాఫీగా అవుతోందా, పనికి వెళ్లగలుగుతున్నారా, పేరంటాలకి వెళుతున్నారా, అప్పుడు మీరు కోరుకున్నది జరిగిందా, మళ్లీ అదే పరిస్థితి వస్తే ఇదే ఆపరేషన్ చేయించుకుంటారా? ఇలాంటి ప్రశ్నావళులే పెద్ద పెద్ద అధ్యయనాలన్నిటికీ ఆధారం. ఒక మండలంలో వరసగా అడిగి రాసుకుంటే, ఏ వైద్యం తమ ఆడవాళ్లకి ఎంత మేలు చేసిందో అనకాపల్లి జిల్లా వైద్యులకే ముందు తెలుస్తుంది.

మీ ఇంట్లో అమ్మకో అత్తకో వదినకో ఈ ఆపరేషన్ అనుకుంటే ఒక పని చేయండి. ఆసుపత్రికి బయల్దేరేముందు ఆమెని పక్కన కూచోబెట్టుకుని, బాగైతే ఏం చేయాలనుందో మూడు మాటలు అడిగి చీటీ మీద రాయండి. చదువు రానివాళ్లకి మీరే రాసిపెట్టండి. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఆ ఆపరేషన్ ఉందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం వివరాలు చెప్పే మిత్ర కౌంటర్‌లో కనుక్కోండి. చీటీ డాక్టరు చేతికిచ్చి, ఇందులో ఏది జరుగుతుంది, ఏది జరగదు అని అడగండి. ఆ జవాబు విన్నాకే సంతకం పెట్టించండి.